రేసు కారును ట్రైలర్ మీద కదలకుండా కట్టడం: సమగ్ర మార్గదర్శి

రేసు కారును ట్రైలర్ ఎక్కించిన ప్రతివాళ్లూ చేసే పని ఒకటుంది. నాలుగు బెల్టులూ బిగించాక కారు పక్కన నిలబడి, అరచేత్తో ఒక్క తోపు తోసి, "ఇక కదలదు" అనేస్తారు. ఆ తోపు బలం మహా అయితే ముప్పై, నలభై కిలోలు. అదే 1,100 కిలోల కారును లాక్కెళ్తూ ఒక్కసారిగా గట్టి బ్రేకు వేస్తే, ఆ కారు సుమారు 880 కిలోల బలంతో ముందుకు దూకాలని చూస్తుంది. ఇది గాల్లోంచి తీసిన లెక్క కాదు. అమెరికా వాణిజ్య రవాణా నిబంధనల్లోనూ, యూరప్‌లో సరుకు కట్టడానికి పాటించే ఈఎన్ 12195 ప్రమాణంలోనూ ముందు వైపుకు సరుకు బరువులో 80 శాతం, వెనక్కీ పక్కలకూ 50 శాతం బలాన్ని ఆపగలగాలన్నదే ప్రాథమిక లెక్క.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్రేకు వేసినప్పుడు కారు ముందుకు పోకుండా ఆపేది ముందు కట్టిన బెల్టులు కాదు. కారు నుంచి వెనక్కి సాగి ట్రైలర్ వెనక భాగానికి తగిలించిన బెల్టులు. ముందు బెల్టులు పనిచేసేది బండి ముందుకు లంకించుకున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు. కొత్త బెల్టులు రెండు, పాతవి రెండు ఉంటే కొత్తవి ముందు వేసి పాతవి వెనక వేసే వాళ్లను చాలామందినే చూశాను. మీ దగ్గర అలాంటి జత ఉంటే తిరగేసి వాడమని కూడా చెప్పను. పాతవి చెత్తబుట్టలో వేయండి.

బెల్టు కొనేటప్పుడు చదవాల్సింది రంగు కాదు, లేబుల్

రాట్చెట్ బెల్టు, అంటే పిడి ఆడిస్తే పళ్ల చక్రంతో బిగిసే బెల్టు మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకటి తెగే బలం. రెండోది పని భారం, అంటే రోజువారీ వాడకంలో దాటకూడని పరిమితి. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు మొదటిదే. మనకు కావాల్సింది రెండోది. మామూలుగా పని భారం తెగే బలంలో మూడో వంతు ఉంటుంది. రెండు అంగుళాల వెడల్పున్న మంచి బెల్టు తెగే బలం 10,000 పౌండ్లయితే దాని పని భారం 3,333 పౌండ్లు, అంటే సుమారు 1,500 కిలోలు. యూరప్ లేబుళ్ల మీద ఇదే సంగతి ఎల్‌సీ అనే అక్షరాల పక్కన డెకాన్యూటన్లలో ఉంటుంది. ఒక డెకాన్యూటన్‌ను దాదాపు ఒక కిలో బలం అనుకోవచ్చు. ఆ లేబుల్ మీదే ఎస్‌టీఎఫ్ అనే ఇంకో అంకె ఉంటుంది. చేత్తో రాట్చెట్ బిగిస్తే బెల్టులో ఎంత బిగుతు మిగులుతుందో అది చెబుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. కారు 1,100 కిలోలు. వెనక రెండు బెల్టులూ నేలకు 45 డిగ్రీల వాలులో, పక్కకు ఓ 20 డిగ్రీలు తిరిగి ఉన్నాయనుకుందాం. అలా ఏటవాలుగా ఉన్న బెల్టు బలంలో దాదాపు 66 శాతమే ముందువెనకల దిశలో పనికొస్తుంది. 1,500 కిలోల బెల్టులు రెండైతే సుమారు 2,000 కిలోల పట్టు. కావాల్సింది 880. రెట్టింపుకు పైగానే ఉంది. అదే సన్నటి ఒక అంగుళం బెల్టులు, లేబుల్ మీద 500 కిలోలున్నవి వాడితే మొత్తం పట్టు 660 దగ్గరే ఆగిపోతుంది. బైకు కట్టే బెల్టులు కారుకు ఎందుకు వద్దంటారో దీంతో తేలిపోతుంది.

బట్ట విషయానికొస్తే పాలియెస్టర్ తీసుకోండి. నైలాన్ ఎక్కువ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. పొద్దున పొడిగా ఉండగా బిగించిన నైలాన్ బెల్టు మధ్యాహ్నం వానలో తడిసి లూజైపోతుంది. యూరప్ ప్రమాణం ప్రకారం పాలియెస్టర్‌కు నీలం లేబుల్, నైలాన్‌కు ఆకుపచ్చ లేబుల్ ఉంటాయి.

పాత బెల్టును పారేయాల్సిన గుర్తులు: అంచు కోసుకుపోవడం, కుట్టు ఊడటం, ఎండకు రంగు వెలిసి గరుకుగా మారడం, వేడికి కరిగి మెరుస్తున్న మచ్చ, లేబుల్ చదవడానికి వీల్లేకుండా పోవడం. వంగిన కొక్కేన్ని సుత్తితో కొట్టి సరిచేయొద్దు. ముడి వేసి పొట్టి చేసిన బెల్టయితే చూడకుండానే పారేయొచ్చు. ముడి పడిన చోట బట్ట బలం చాలా పడిపోతుంది.

కారుకు ఎక్కడ కట్టాలి?

అసలు చర్చంతా ఇక్కడే. ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన జట్లు కార్లు ఉంచుకునే చోట, పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. కానీ మూలంలో ఉన్నది ఒక్కటే ప్రశ్న: బెల్టు పట్టుకోవాల్సింది స్ప్రింగుల పైనున్న బాడీనా, స్ప్రింగుల కిందున్న చక్రాలనా?

బాడీకి, అంటే చాసిస్‌కు కట్టారనుకుందాం. బెల్టు బిగించేకొద్దీ కారు స్ప్రింగుల మీద కిందికి దిగుతుంది. రోడ్డు మీద గతుకు తగిలిన ప్రతిసారీ బాడీ ఇంకా కొంచెం దిగుతుంది, ఆ క్షణంలో బెల్టు లూజవుతుంది. మరుక్షణం బాడీ పైకి లేస్తుంది, బెల్టు ఛెళ్లున లాగబడుతుంది. ఇలా గంటల తరబడి. నిలకడగా ఉన్న బిగుతు బెల్టును తెంపదు. ఈ లూజవడం, లాగబడటమే కొక్కేన్ని రింగులోంచి ఊడగొడుతుంది, కుట్టును నలగ్గొడుతుంది.

చక్రాలకో ఇరుసుకో కడితే బాడీ తన స్ప్రింగుల మీద తాను ఊగుతూ ఉంటుంది, బెల్టుకు ఆ సంగతే తెలియదు. సస్పెన్షన్ మెత్తగా ఉన్న ర్యాలీ కార్లకు, రోడ్డు కారు నుంచి తయారుచేసిన రేసు కార్లకు నేను ఇదే చెబుతాను.

స్ప్రింగులు రాయిలా గట్టిగా ఉండి, బాడీకి కదలికే లేని సర్క్యూట్ కార్లలో లెక్క మారుతుంది. చాసిస్‌కు వెల్డింగ్ చేసిన సరైన కట్టుడు రింగులుంటే వాటికి కట్టినా ఇబ్బంది లేదు. అవి నిజంగా కట్టడానికే పెట్టినవేనా అని చూసుకోవడం ముఖ్యం. ముందూ వెనకా ఉండే టో హుక్ వేరే సంగతి. ఇసుకలో చిక్కుకున్న కారును తిన్నగా లాగడానికి పెట్టింది అది. పక్కకూ కిందికీ గంటల తరబడి లాగే బలం కోసం చేసింది కాదు. బట్టతో చేసిన టో లూప్ అయితే అసలే వద్దు.

చక్రాలకు కట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది టైరు మీదుగా వేసే బెల్టు. చక్రానికి ముందున్న నేల రింగు నుంచి మొదలై, టైరు పైభాగం మీదుగా వెళ్లి, చక్రం వెనకున్న రింగు దగ్గర రాట్చెట్‌తో ముగుస్తుంది. టైరుకు ఆనే చోట జారకుండా రబ్బరు దిమ్మలుంటాయి. ఒక్కో చక్రం ముందుకీ వెనక్కీ రెండు వైపులా బంధించబడుతుంది కాబట్టి నాలుగు చక్రాలకూ వేస్తే కారు నేలకు అతుక్కున్నట్టే. సస్పెన్షన్ భాగాల మీద లాగుడు పడదు. సన్నటి గొట్టాల సస్పెన్షన్ ఉండే ఫార్ములా తరహా కార్లకు ఇదే సరైన దారి. చిక్కల్లా ఫెండర్లతోనే, అంటే చక్రాల పైనుండే బాడీ రేకులతోనే. కారు బాగా కిందికి దించి ఉంటే టైరుకూ ఫెండర్‌కూ మధ్య బెల్టు దూరే సందుండదు. దూరినా గతుకుల్లో బాడీ దిగి బెల్టును కొరుకుతుంది. పెయింటు పోతే పోయింది, బెల్టు పోతే కారే పోతుంది.

రెండోది ఇరుసుకో, చక్రాన్ని బాడీకి కలిపే కింది కంట్రోల్ ఆర్మ్‌కో చిన్న బెల్టు చుట్టి, దాని రింగులకు రాట్చెట్ బెల్టు తగిలించడం. ఇరువైపు చక్రాలనూ కలిపే గట్టి వెనక ఇరుసు ఉన్న కార్లకు ఇది అచ్చంగా సరిపోతుంది. చుట్టే ముందు టార్చ్ వేసి చూడండి. ఇరుసు మీదుగా బ్రేకు పైపు వెళ్తుంటే బెల్టు దాన్ని నొక్కేస్తుంది. నలిగిన పైపు సంగతి మీకు తెలిసేది మొదటి ల్యాప్‌లో, మొదటి మలుపు దగ్గర.

కంట్రోల్ ఆర్మ్ విషయంలో కంపెనీ నుంచి వచ్చిన గట్టి ఉక్కు ఆర్మ్‌లు ఒక ఎత్తు, రేసింగ్ కోసం చేసిన సన్నటి గొట్టాల ఆర్మ్‌లు ఇంకో ఎత్తు. రెండో రకానికి కట్టొద్దు. అవి తమ పొడవు వెంట వచ్చే బలాన్ని మోయడానికి చేసినవి. మధ్యలో పట్టుకుని పక్కకు లాగితే వంగుతాయి. ఎంత వంగిందో కంటికి కనిపించదు, అలైన్‌మెంట్ గేజ్‌కు కనిపిస్తుంది. స్టీరింగ్ రాడ్లు, మలుపుల్లో బాడీ ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్, డ్రైవ్ షాఫ్టులు, ముందు బంపర్ కిందుండే పలకను (స్ప్లిటర్) పట్టుకునే స్టేలు, ఇవన్నీ ముట్టుకోకూడని జాబితాలోనివే. తగిలించడానికి చేతికి అందుతాయి కాబట్టే అందరూ వాటికి తగిలిస్తారు.

చక్రం ఆకుల సందుల్లోంచి బెల్టు దూర్చి కట్టడం కూడా కనిపిస్తుంటుంది. అల్లాయ్ చక్రం లోపలి అంచులు కత్తిలా ఉంటాయి, పక్కనే బ్రేకు క్యాలిపర్, గాలి వాల్వ్ ఉంటాయి. తొడుగు ఉన్న ప్రత్యేక బెల్టుంటే సరే. లేకపోతే వేరే దారి చూడండి.

ట్రైలర్ వైపు కూడా చూడండి

బెల్టు ఎంత బలమైనదైనా దాన్ని పట్టుకున్న రింగు అంతే బలంగా ఉండాలి. నేల రింగు ట్రైలర్ ఫ్రేముకు తగిలి ఉందా, లేక కేవలం ప్లైవుడ్‌కు స్క్రూలు కొట్టారా? కిందికి దూరి చూస్తే తప్ప తెలియదు. ప్లైవుడ్ నేల అయితే బోల్టులు ఆరపార వెళ్లాలి, కింద మందపాటి ఉక్కు పలక ఉండాలి. ఇంకా మంచిది ఫ్రేములోకే బిగించడం. తొలిసారి మీ చేతికొచ్చిన ట్రైలర్‌కు, ముఖ్యంగా అద్దెకో అరువుకో తెచ్చినదానికి, ఈ ఒక్క తనిఖీకి పది నిమిషాలు పెట్టండి.

రింగుల చోటు కూడా ముఖ్యమే. చక్రం పక్కనే, నిట్టనిలువుగా కిందికి లాగేలా రింగుంటే బెల్టు కారును నేలకు నొక్కుతుంది గానీ ముందువెనకల కదలికను పెద్దగా ఆపదు. ఇందాకటి లెక్కలో 45 డిగ్రీలు కాస్తా 70 అయితే, పక్క వంపు లేకపోయినా, అవే రెండు బెల్టుల పట్టు 2,000 నుంచి 1,000 కిలోలకు పడిపోతుంది. 880 కావాల్సిన చోట 1,000 ఉంటే దాన్ని భద్రత అనలేం. అందుకే ముందు రింగులు కారు ముందుకు, వెనక రింగులు కారు వెనక్కి కొంచెం దూరంగా ఉండాలి.

ఎక్కించేముందు కారును సిద్ధం చేయడం

టైర్లలో గాలి. టైరు మీదుగా బెల్టు వేసేవాళ్లు దీన్ని దాటేయకూడదు. రేసు టైర్లలో గాలి తక్కువ ఉంటుంది. ప్రయాణంలో ఇంకా తగ్గితే టైరు చదునై, బెల్టు వదులవుతుంది. చివరి సెషన్ అయిపోగానే వేడి టైర్లతో ఎక్కించేస్తే చిక్కు రెట్టింపు. లోపలి గాలి 80 డిగ్రీల దగ్గరుండగా 30 పీఎస్ఐ చూపించిన టైరు, 25 డిగ్రీలకు చల్లబడేసరికి 23కు దిగుతుంది. మీరు బిగించింది 30 పీఎస్ఐ టైరును, రోడ్డు మీదున్నది 23 పీఎస్ఐ టైరు. ఓసారి నేను ఇలాగే ఎక్కించి బయల్దేరి, అరగంట తర్వాత టీ కోసం ఆగితే నాలుగు బెల్టుల్లో మూడు వేలితో ఎత్తితే లేచాయి. ఆ టీ తాగాలనిపించలేదు. అప్పట్నుంచీ టైర్లు చల్లారేదాకా ఆగి, టైరు పరిమితి దాటకుండా గాలి పెంచి, ఆ తర్వాతే కడతాను. వీలుంటే పాత చక్రాల సెట్ ఒకటి రవాణాకే పెట్టుకోండి. స్లిక్‌లు (గాళ్లు లేని రేసు టైర్లు) పాడవకుండా ఉంటాయి, గాలి గొడవా ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపేయండి. కారులో అమర్చిన అగ్నిమాపక వ్యవస్థ ఉంటే దాని సేఫ్టీ పిన్ను పెట్టండి. కుదుపుకో, ఎవరి మోకాలో తగిలో ఆ సిలిండర్‌లోని మందు చిమ్మితే లోపలంతా శుభ్రం చేయడానికి ఒక రోజు పడుతుంది. ఇంధనం తక్కువ ఉంచండి, ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి. సీటు వెనక పానా, ఫుట్‌వెల్‌లో దొర్లే సీసా లాంటివన్నీ తీసేయండి. బానెట్ పిన్నులు నాలుగూ తాకి చూడండి.

మూతలేని ట్రైలర్ మీద కారును వెనక్కి తిప్పి ఎక్కించాల్సి వస్తే గాలి సంగతి ఆలోచించాలి. ముందు నుంచి వచ్చే గాలికి తయారైన బానెట్, వింగ్, పాలీకార్బనేట్ అద్దాలు ఇప్పుడు వెనక నుంచి గాలి తింటాయి. వింగ్ విప్పేయడం మేలు. సైలెన్సర్ గొట్టానికి వాన దూరకుండా మూత పెట్టండి.

ఎక్కించడం

ట్రైలర్‌ను లాగే బండికి తగిలించే ఉంచండి. తగిలించకుండా ఎక్కిస్తే కారు బరువు వెనక పడగానే ట్రైలర్ ముక్కు గాల్లోకి లేస్తుంది. తగిలించి ఉన్నా లాగే బండి వెనక చక్రాలు తేలికైపోతాయి, హ్యాండ్ బ్రేకు పట్టు సగం పోతుంది. అందుకే చదునైన నేల మీద ఆపి, లాగే బండి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ట్రైలర్ వెనక కాళ్లు కిందికి దించి గానీ మొదలుపెట్టొద్దు.

కిందికి దించిన కార్లకు ముందు స్ప్లిటర్ ర్యాంపుకు తగులుతుంది. ర్యాంపు మొదట్లో ఒకటో రెండో మందపాటి చెక్క పలకలు వేస్తే వాలు తగ్గుతుంది. పలకలు జారకుండా ర్యాంపుకు కట్టండి, లేకపోతే చక్రం తిరగగానే వెనక్కి ఎగిరొస్తాయి.

నడిపి ఎక్కించడం కంటే వించ్‌తో (తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) లాగడం నాకిష్టం. రేసు క్లచ్‌తో అంగుళం అంగుళం కదలడం కష్టం, పైగా లోపలున్నవాళ్లకు ర్యాంపు కనిపించదు. ఎక్కాక తలుపు ట్రైలర్ మడ్‌గార్డుకు తగిలి తెరుచుకోకపోతే కిటికీలోంచి బయటికి రావాలి. వించ్ తాడుకు సూటిగా ఎవరూ నిలబడకూడదు. హ్యాండ్ బ్రేకు దగ్గర ఒకరు, అడ్డుదిమ్మతో చక్రం వెంటే ఒకరు ఉంటే చాలు. ఇంకో మాట: కారు పైకి వచ్చాక వించ్ తాడు పని అయిపోయింది. దాన్ని అలా బిగుతుగా వదిలేసి "అదీ ఒక బెల్టే" అనుకోవద్దు. వించ్ గేర్లు, బ్రేకు ఆ కుదుపుల కోసం చేసినవి కావు.

బరువు ఎక్కడ ఉండాలి?

ట్రైలర్ పాములా ఊగడానికి మొదటి కారణం ముక్కు మీద బరువు చాలకపోవడం. ఉత్తర అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కప్లర్ (లాగే బండి హుక్‌కు తగిలే ట్రైలర్ కొస) మీద ఉండాలని చెబుతారు. యూరప్‌లో కార్ల హుక్ పరిమితే చాలాసార్లు 75, 100 కిలోల మధ్య ఉంటుంది, అక్కడి ట్రైలర్లు తక్కువ ముక్కు బరువుకు తగ్గట్టే తయారవుతాయి. మీ బండి, హుక్, ట్రైలర్ మూడింటిలో అన్నిటికంటే తక్కువ పరిమితి ఏదో దాన్నే పాటించండి.

ఎంత బరువుందో కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే యంత్రం చాలు. 100 కిలోలు దాటేలా ఉంటే ఒక గట్టి పలక తీసుకోండి. ఒక చివర ఇటుక, ఇంకో చివర యంత్రం, మధ్య దూరం 90 సెంటీమీటర్లు. ఇటుక నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కప్లర్‌ను ఆనిస్తే యంత్రం అసలు బరువులో మూడో వంతు చూపిస్తుంది. ఈ కొలతంతా ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టాకే.

తక్కువ ఉంటే కారును కొంచెం ముందుకు జరపాలి, ఎక్కువ ఉంటే వెనక్కి. ఎంత? కప్లర్ నుంచి ఇరుసుకు 3.5 మీటర్ల దూరముంటే, 1,100 కిలోల కారును 10 సెంటీమీటర్లు జరిపితే ముక్కు బరువు 31 కిలోల దాకా మారుతుంది. అంటే ఒక బెత్తెడు దూరం కూడా తేడా చేస్తుంది. సరైన చోటు దొరికాక ట్రైలర్ నేల మీద ముందు చక్రం ఆగే దగ్గర పెయింటు గీత గీయండి. ఇక ప్రతిసారీ తూచక్కర్లేదు, పానాల పెట్టె, విడి చక్రాల చోటు మారనంతవరకు. నాలుగు విడి చక్రాల బరువు తక్కువేం కాదు. అవి ట్రైలర్ ముక్కు దగ్గరి ర్యాకులో ఉన్నప్పుడే కొలవండి. ఇంజన్ వెనక ఉన్న కార్లకు వేరే గీత కావాలి.

కట్టే క్రమం

1. కారును గీత మీద ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టండి. స్టీరింగ్ తిన్నగా ఉంచండి.

2. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదులు. బిగించేటప్పుడు కారు అటూఇటూ సర్దుకుని బెల్టుల మధ్య సమంగా కూర్చోవాలి. బ్రేకు వేసి బిగిస్తే ఒక బెల్టు మాత్రమే పని చేస్తూ ఉంటుంది.

3. ముందు రెండు బెల్టులూ తగిలించి, చేత్తో లాగి సగం బిగించండి. కొక్కెం రింగు మొదట్లో పూర్తిగా కూర్చోవాలి, మొన మీద వేలాడకూడదు. నాలిక ఉన్న కొక్కెం అయితే లూజైనా ఊడిపోదు, కొనేటప్పుడే అలాంటివి తీసుకోండి.

4. వెనక రెండు బెల్టులూ తగిలించండి. ఇరుసుకు కట్టే పద్ధతిలో వెనకవాటిని గుణకారం గుర్తులా ఒకదానికొకటి అడ్డంగా వేస్తే పక్కకు జారడాన్ని కూడా అవే ఆపుతాయి. ఒకదాన్నొకటి రాసుకోకూడదు, డిఫరెన్షియల్‌నో సైలెన్సర్‌నో తాకకూడదు. ముందు చోటుంటే అక్కడా అలాగే వేయండి. టైరు మీదుగా వేసే పద్ధతిలో ఈ అడ్డం వేయడం అవసరం లేదు.

5. రాట్చెట్ ఇరుసు మీద బెల్టు కనీసం రెండు చుట్లు పడాలి. ఒక్క చుట్టే ఉంటే జారిపోతుంది. చుట్లు మరీ ఎక్కువైతే పళ్లు సరిగ్గా కూర్చోవు. అంటే బిగించే ముందే చేత్తో లూజంతా లాగేయాలి.

6. ఇప్పుడు అసలు బిగింపు: ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, వెనక ఎడమ, మళ్లీ మొదటినుంచి. ఒకే మూల పూర్తిగా బిగించేస్తే కారు అటు జరిగిపోతుంది. ఒక్క చేత్తో వచ్చినంత బలం చాలు. రాట్చెట్ పిడికి గొట్టం తొడిగి బిగించేవాళ్లున్నారు, అది వద్దు. ఏదో ఒకటి వంగుతుంది, అది మీ కారుదే అవుతుంది.

7. పిడి పూర్తిగా మూసి, లాక్ పడిందో లేదో చూడండి. మిగిలిన తోక చుట్టి కట్టండి. వదిలేస్తే గాలికి కొట్టుకుని చివర చీలిపోతుంది, ట్రైలర్ చక్రంలో చుట్టుకునే ప్రమాదమూ ఉంది.

8. కారు మూల దగ్గర గట్టిగా ఊపండి. బాడీ స్ప్రింగుల మీద ఊగొచ్చు, చక్రాలు మాత్రం నేల మీద అంగుళం కూడా కదలకూడదు. తర్వాత గేరులో వేయండి. రేసు దిగిన వెంటనే అయితే హ్యాండ్ బ్రేకు వేయొద్దు, వేడి ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి. ఈ రెండూ అదనపు తోడు మాత్రమే, కట్టు బరువు వాటి మీద పెట్టొద్దు.

పొడవుగా సాగిన బెల్టు గాలికి హోరుమని మోగుతుంటే ఒక సగం మెలిక వేస్తే ఆగిపోతుంది. కొందరు తయారీదారులు మెలిక వద్దంటారు కాబట్టి లేబుల్ చూసుకోండి. టైరుకో ఇరుసుకో తాకే చోట మాత్రం ఎప్పుడూ చదునుగానే ఉండాలి.

బయల్దేరే ముందు

కప్లర్ నిజంగా లాగే బండి హుక్ బంతి మీద కూర్చుందా? లాక్ వేశాక ట్రైలర్ జాకీ తిప్పి ముక్కును పైకెత్తండి. లాగే బండి వెనక భాగం దానితో పాటు కొంచెం లేవాలి. లేవకుండా కప్లర్ ఒక్కటే లేస్తే అది బంతి మీద లేదు. ముక్కును మళ్లీ దించేసి, జాకీ కాలును పైకెత్తి లాక్ చేయడం మర్చిపోవద్దు. సేఫ్టీ గొలుసులు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు తగలకుండా వాటి మీద పడుతుంది. విడిపోతే ట్రైలర్ బ్రేకులు వేసే తీగను గొలుసుకు కాదు, బండికే తగిలించాలి. లైట్లు, ట్రైలర్ టైర్ల గాలి, నట్ల బిగుతు చూడండి. ట్రైలర్ టైర్లు అరిగి కాదు, నిలబడి నిలబడి పగిలి పాడవుతాయి. గోడ మీద సన్నటి బీటలున్నాయేమో చూడండి.

దారిలో

మొదటి ఆగుడు పది కిలోమీటర్ల లోపే. కొక్కేలు, టైర్లు, బెల్టులు తమ చోట్లలో కుదురుకునేది ఆ మొదటి కాసేపట్లోనే. నాలుగు బెల్టులూ వేలితో మీటండి. ఒక్కో రాట్చెట్ ఒకటో రెండో పళ్లు తీసుకోవడం మామూలే. అంతకంటే ఎక్కువ తీసుకుంటోందంటే ఏదో జారింది, కారణం వెతకండి. అమెరికాలో వాణిజ్య లారీలకు మొదటి 50 మైళ్లలో ఒకసారి, తర్వాత ప్రతి 150 మైళ్లకో 3 గంటలకో కట్టు చూసుకోవాలన్న నిబంధన ఉంది. మనకు అది కనీసం అనుకోండి. వాన మొదలైతే మళ్లీ ఆగండి. ఆగినప్పుడల్లా ట్రైలర్ చక్రాల హబ్‌ల దగ్గర అరచేయి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. నాలుగింట్లో ఒకటి మాత్రమే కాలుతుంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందన్నమాట.

ట్రైలర్ ఊగడం మొదలైతే టెన్షన్‌లో రెండు తప్పులు జరుగుతాయి: బండి బ్రేకు గట్టిగా తొక్కడం, ఊపుకు ఎదురు స్టీరింగ్ తిప్పడం. రెండూ ఊపును పెంచుతాయి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. ట్రైలర్ బ్రేకులను విడిగా వేసే మీట ఉంటే దాన్ని మెత్తగా నొక్కండి. ఊపు ఆగాక పక్కకు తీసి ముక్కు బరువు మళ్లీ చూడండి. "మెల్లగా పోతే ఊగదులే" అని సర్దుకుని పోయే కథలు దిగుడు రోడ్డు రాగానే ముగుస్తాయి.

దించేటప్పుడు

అలసిపోయి చేరుకుంటారు, తొందరగా దించేయాలనిపిస్తుంది. నేల చదునుగా ఉందా, లాగే బండి తగిలించే ఉందా, వెనక కాళ్లు దించారా అని ముందు చూసుకోండి. అడ్డుదిమ్మలు అలాగే ఉంచి, వించ్ తాడు తగిలించి, హ్యాండ్ బ్రేకు వేయండి. హ్యాండ్ బ్రేకు లేని కారైతే లోపల ఒకరు కూర్చుని పెడల్ మీద కాలు పెట్టాలి. ఆ తర్వాతే బెల్టులు. రాట్చెట్ విప్పేటప్పుడు ముఖం దాని పైకి వంచొద్దు, పిడి ఎగిరి తగులుతుంది. నాలుగు బెల్టులూ నేల మీద పడ్డాకే అడ్డుదిమ్మలు తీసి, వించ్‌తో మెల్లగా కిందికి వదలండి.

బెల్టులు తడిసుంటే ఆరబెట్టి చుట్టండి. కారు ట్రాక్ మీదికి వెళ్లేముందు టైర్ల గాలిని మళ్లీ రేసు అంకెకు దించి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూసి, అగ్నిమాపక సేఫ్టీ పిన్ను తీసేయండి. ఆ పిన్నుకు పొడవాటి ఎర్ర గుడ్డ ఒకటి కట్టి ఉంచితే, తీయడం మర్చిపోయినా కనీసం స్క్రూటినీర్ (రేసుకు ముందు కార్లు తనిఖీ చేసే అధికారి) కంటికైనా కనిపిస్తుంది.